యాదమ్మ గొంతు తగ్గించిన మీట

ఇంట్ల పాటలు మిక్సింగ్ చేసుకోనీకి ఏ హెడ్‌ఫోన్లు కొనాలె నానమ్మా అని అడిగినవ్ గద చిన్నోడా. నిన్ను పొగడనివి కొనుక్కో. గంతే. ఆ మాట ఎనుక ఒక బరువున్నది బిడ్డా. ఏండ్ల సంది మోస్తున్న. మీ నాయనకు గూడ చెప్పలే. నువ్వూ నీ చెల్లె ఇనుండ్రి.

సూర్యాపేటల మీ తాతకు క్యాసెట్ల దుకాణం. ఇంటి ముందటి అర్రలనే రికార్డింగు. గోడలకు బొంతలు కట్టి, ఫ్యాను బందు పెట్టి, చెమటలు కారంగ బతుకమ్మ పాటలు పాడేటోళ్లం. ఏం రోజులవి. ఇప్పుడు చెప్తుంటే గూడ నా కాళ్లు ఆగుతలేవు. పాట ఎత్తుకునేది యాదమ్మ, మీ తాత తమ్ముని భార్య, కోదాడ పిల్ల. ఆమె చరణం పాడితే, మేము ఆడోళ్లం గుంపుగ అదే తిరిగి పాడేది. ఆమె గొంతు ఒకదిక్కు, మాది ఒకదిక్కు రికార్డయితది. తర్వాత ఆ రెండు కలిపి ఇంకో క్యాసెట్‌కు ఎక్కియ్యాలె. మిర్యాలగూడ రైసుమిల్లుల పనిచేసి చేసి మీ తాత చెవులు మందమైనయి. అందుకే గొంతులు పెంచి తగ్గించే మీటల కాడ నేను కూసునేది.

ఒకనాడు మీ తాత పట్నంల కోఠికి పోయి రెండు జతల హెడ్‌ఫోన్లు తెచ్చిండు. ఒకటి ఉంచుకోని ఒకటి వాపస్ ఇయ్యాలె. మొదటివి పెట్టుకున్న. ఒళ్లు జల్లుమన్నది. యాదమ్మ ఊపిరి తీసుకునుడు వినొచ్చింది. ఎవరిదో గాజు కదిలింది. పాటల ఇంతగనం ఉంటదా? సంబురానికి లేచి నిలవడ్డ. అప్పుడే గుంపుల నుంచి నా గొంతొచ్చింది. శ్రుతి జారుతున్నది. రెండోవి పెట్టుకున్న. అండ్ల నా గొంతు నిండుగ, మెత్తగ.

ఏవి మంచిగున్నయే అన్నడు మీ తాత. రెండోవే అన్న. అబద్ధమని నాకు ఎరికే.

ఎందుకు చేసిన? మా ఇంట్ల పాట ఎత్తుకునేది పెద్దకోడలు. ఆ పెద్దకోడల్ని నేను. గొంతు మంచిగున్నదని చిన్నకోడల్ని మైకు ముంగట నిలవెట్టిండు మీ తాత. పద్ధతి తప్పిండని నాకు నేను చెప్పుకున్న గాని, ఆమె పాడుతుంటే అందరికంటె ముందు కండ్లల్ల నీళ్లొచ్చేది నాకే, మరి ఆ నీళ్లు దేనికి? రెండు గొంతులు కలిపేటప్పుడు ఆమె మీట కిందికి గుంజిన. మాది పైకి నూకిన. ఎవరన్న అడిగితే హెడ్‌ఫోన్ల మంచిగనే వినొచ్చింది అందామనుకున్న. ఎవ్వరడగలే. అసలు టేపు మీద మీ తాత వేరే పాటలు ఎక్కిచ్చిండు.

అదే మా మొదటి క్యాసెట్, అప్పటిదాక యాదమ్మ తన గొంతు తాను ఎన్నడు వినలే. ఎంత ఆశగ వచ్చి కూసున్నదో. క్యాసెట్ ఏసిన. ఆమె గొంతు సన్నగ, బాయిల నుంచి వచ్చినట్టు. పైన మొత్తం నేనే.

"నా గొంతు ఇట్టా ఉంటదా అక్కా?"

"మైకుల అసలు గొంతే వస్తది యాదమ్మా."

 నవ్వింది. "అయితే ఇన్నేళ్లు మీ చెవులు తినేశాను. ఒక్కరన్నా చెప్పొద్దా?"

మరుసటి ఏడు ఎనుక పోయి నిలవడ్డది. నువ్వెత్తుకో అక్కా అన్నది. ఎత్తుకున్న. నేను కోరుకున్నదే గద. ఆ ఎనుక ఆమె నోట పాట మళ్ల వినలే. కూర తరుగుకుంట గూడ పాడకపోయేది.

ఎన్నో ఏండ్లకు, నేరేడుచర్లల ఒక పెండ్లిల ఆమె పక్కన కూసోని మెల్లగ అడిగిన. ఆమె నా మొఖం దిక్కు చూసింది. గంతల వడ్డించనీకి ఎవరో పిలిస్తే కొంగు దోపుకోని లేచి పోయింది. ఇప్పుడు ఆమె లేదు. మాఫీ చెయ్యనీకి మనిషి లేదు. మీకు చెప్పిన, జర ఊపిరాడుతున్నది, గంతవరకే.

నేనడిగింది గిదే: యాదమ్మా, ఆనాడు నా మాట నమ్మినవా, ఎరికుండే ఊకున్నవా?