అమ్మవారు పోసిన జెముడు కంచె

కాలువ వచ్చిన కొత్తలో, పశువులు దొడ్లో పడి ఆనపపాదులు మేసేస్తున్నాయని మా తాతగారు చుట్టూ నాగజెముడు నాటించారట. నాకు ఊహ తెలిసేసరికి అది కంచె కాదు, అడవి. నరికిన మట్ట పడ్డచోటల్లా వేళ్లూనేది. నాన్నగారు ఏటా నరికించేవారు, ఏటా ఆ మట్టల్ని కాలువగట్టు మీద పోయించేవారు. అవి అక్కడ హాయిగా బతికి మళ్లీ మా దొడ్లోకే వచ్చేవి. మగవాళ్ల పంతాలు అలాగే ఉంటాయి.

ఆ పొద పురిటి గది కిటికీ దాకా వచ్చేసింది. నేను చిన్నపిల్లగా ఉండగా, పొత్తిళ్లలో ఉన్న నా తమ్ముణ్ణి పాము కరిచింది ఆ గదిలోనే. ఆ కిటికీలోంచే వచ్చింది. వాడు దక్కలేదు. ఆనాడే అమ్మ కిటికీకి చెక్కలు కొట్టించేసింది. నేను తొలికాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు నన్ను పడుకోబెట్టిందీ అక్కడే. ఇంట్లో కాన్పులన్నీ ఆ గదిలోనే జరగాలని మా నానమ్మ పట్టుదల. చెక్కల వెనక ఏదో పాకుతున్నట్టు వినిపించేది. నాకు చచ్చేంత భయంగా ఉండేది.

కాన్పులోగా పొద ఉండకూడదని నాన్నగారు కూలీలను పెట్టారు. మట్టల మీద తెల్లగా దూదిపింజల్లాంటివి అంటుకుని ఉన్నాయి. కత్తి వేయగానే వాటిలోంచి ఎర్రగా నెత్తురు కారింది.

"దీనికి అమ్మవారు పోసిందండి. మావల్ల కాదండి బాబూ" అని కూలీలు కత్తులు కింద పెట్టేశారు.

నానమ్మ కర్ర ఊతంతో వచ్చి చూసింది. "అమ్మవారు పోసిన ఒంటి మీద కత్తి పెట్టిస్తావుట్రా?" అని నాన్నగారి మీద విరుచుకుపడింది.

"చెట్టుకి అమ్మవారేంటమ్మా?"

"నెత్తురు కనబట్టం లేదూ?"

పని ఆగిపోయింది. నేను ఏడ్చాను. అమ్మవారి మీద కోపం కూడా వచ్చింది, చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

ఎవరికైనా అమ్మవారు పోస్తే ఆవిణ్ణి మర్యాదగా సాగనంపడం మా ఊరి ఆచారం. పంపేముందు దొడ్డంతా చూపించకపోతే అలుగుతుందంది నానమ్మ. తెల్లబూజు పట్టిన మట్టల్ని గంపలో వేపమండల మీద పెట్టించి, జాతరలో అమ్మవారి గరగ కుండను గడపగడపకూ తిప్పినట్టు, డప్పులతో పొద చుట్టూ తిప్పించింది. ప్రతి గుబురుకూ ఒక మట్ట ఆనించి, అందరిచేతా దండం పెట్టించింది. నాన్నగారు మాత్రం మొహం గంటుపెట్టుకుని అరుగు దిగలేదు.

తరవాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆ తెలుపు గుబురు నుంచి గుబురుకు పాకింది. ఇన్నేళ్లూ కత్తికి లొంగని మట్టలు పసుపు తిరిగి, వడలి, ఒకదాని మీద ఒకటి ఒరిగి, ఎండుతోలులా నేలకు అంటుకుపోయాయి. మంట లేదు, చప్పుడు లేదు. రోజూ అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్లి చూసేదాన్ని. నాన్నగారు కూడా చెప్పులు విడిచి, చూస్తూ నిలబడేవారు.

అది ఒక పురుగనీ, జెముడు తప్ప మరొకటి ముట్టదనీ, ఆ ఎరుపు దాని ఒంటిదేననీ చాలా ఏళ్ల తరవాత ఒకాయన చెప్పారు. అంటే నానమ్మ ఆ పురుగులనే గంపకెత్తి పొదంతా పంచిపెట్టిందన్నమాట! అది విన్నాక నా ఆశ్చర్యం తగ్గలేదు, ఇంకా పెరిగింది. నువ్వుగింజంత ప్రాణి, అంత అడవిని తినేసింది.

నొప్పులు మొదలైన పొద్దున గదిలో ఒకటే ఉక్క. ఊపిరాడటం లేదన్నాను. మంత్రసాని కిటికీ చెక్కల వైపు చూసింది. అమ్మే లేచింది. అమ్మ ఆ కిటికీ దగ్గరికి వెళ్లడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. పచ్చడిబండతో కొట్టి చెక్కలన్నీ ఊడగొట్టింది. గాలి వచ్చింది. ఎండిన మట్టల మీదుగా కాలువ నీళ్లు మెరుస్తూ కనిపించాయి.

కొడుకు పుట్టాడు. అమ్మ వాణ్ణి పొత్తిళ్లలో చుట్టి, తెరిచిన ఆ కిటికీ పక్కనే కూర్చుంది.

"వచ్చావా నాన్నా" అంది.

నా కొడుకుతో అందో, నా తమ్ముడితో అందో నేను అడగలేదు.