ధర్మలింగం కాచిన మొలకరాగి జావ

పోదనూరు రైల్వే కాలనీ వెనక సందులో ధర్మలింగం మళ్ళీ తాగుడు మొదలుపెట్టాడనీ, అది చాలక పెరటి షెడ్డులో సొంతంగా బీరు కాస్తున్నాడనీ ఒక మాట తిరుగుతోంది. కొళాయి దగ్గర పుట్టిన మాట పిండిమర దాకా వెళ్ళి వచ్చేసరికి, ఒక కుండ కాస్తా నాలుగు పీపాలైంది. జరిగింది వేరు.

ధర్మలింగం వయసులో ఉండగా పుదుచ్చేరి వైపు ఒక బీరు ఫ్యాక్టరీలో పనిచేశాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ పిండిని వేడినీళ్ళలో కలిపి, ఆ వేడి ఎక్కకుండా, దిగకుండా కాపలా కాయడం అతని పని. పనీ అక్కడే నేర్చాడు, తాగుడూ అక్కడే నేర్చాడు. చివరికి తాగుడే పనిని తినేసింది. ఊరికొచ్చి మానేసి చాలా ఏళ్ళయింది గాని, అత్తగారు పాపమ్మాళ్ మాత్రం నమ్మలేదు. ఒకప్పుడు తన చిన్నకూతురి సీమంతానికి అతను తాగి వచ్చి పందిట్లో పడిపోయాడని, ఆ రోజు నుంచి అల్లుడితో మాట మానేసింది. అతని ఇంట్లోనే ఉంటూ, ఏం కావాలన్నా గోడకు చెప్పినట్టు చెప్పేది.

ఈ మధ్య ఆమె బట్టలుతికే బండ మీద జారిపడి దవడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో పైపళ్ళూ కిందిపళ్ళూ తీగతో కట్టేశారు. ఇక గోడతో కూడా మాట లేదు. స్ట్రాలో ఎక్కేదే ఆహారం. జావ చిక్కగా కాస్తే స్ట్రాలో ఎక్కదు. నీళ్ళు పోసి పలచన చేస్తే ఒంట్లో సత్తువ నిలవదు. మనిషి చిక్కి రవికెలు వదులయ్యాయి. ఇలాగే తగ్గితే ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నారు డాక్టరు. కూతురు శకుంతలకు ఆ గొట్టమే కళ్ళముందు మెదిలేది.

సరిగ్గా అప్పుడే ధర్మలింగం షెడ్డుకు తాళం వేయడం మొదలుపెట్టాడు. పొడుగాటి థర్మామీటరొకటి కొన్నాడు. ఇంట్లో ఉన్ని దుప్పటి మాయమైంది. పక్కింటి సెల్లమ్మాళ్ ప్రహరీ మీద మోచేతులాన్చి అడిగింది.

"ఏమ్మా శకుంతలా, మీ ఆయన ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచిండాడా? వాసన మా పొయ్యి దాకా వస్తా ఉండాది."

"ఫ్యాక్టరీ తెరిస్తే నీకే ముందు గ్లాసు పంపిస్తాలే అక్కా," అని శకుంతల నవ్వేసింది. కానీ ఆ మధ్యాహ్నం తాళం తీసి ఉండటం చూసి షెడ్డు తలుపు తోసుకుని వెళ్ళింది.

జ్వరం పిల్లకు కప్పినట్టు ఉన్ని దుప్పటి చుట్టిన కుండ. పక్కన థర్మామీటరుతో మొగుడు. ఒక్క మాట అడగకుండా మూత తీసి, గరిటెతో తోడి నోట్లో పోసుకుంది. నాలుక బీరు చేదు కోసం వెతికింది. చేదు లేదు. తియ్యగా, మజ్జిగ తేటంత పలచగా ఉంది. రాగిజావ. శకుంతల ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, ఇదంతా ఎందుకని అడిగింది.

అత్త కోసమేనని అతను తల వంచుకునే చెప్పాడు. చిక్కటి జావలో మొలకరాగి పిండి కలిపితే, ఆ పిండే జావను కరిగించి పలచన చేస్తుంది, సత్తువ మాత్రం పోదు. వేడి మీదే ఉంది అంతా. మొదట మరుగుతున్న జావలో కలిపాడు, మొలక బలం చచ్చి పోస్టర్లంటించే గంజిలా నిలిచింది. తర్వాత చల్లటి కుండలో పోశాడు, కుండే వేడిని తాగేసింది. ఇప్పుడు ముందుగా కుండను మరిగిన నీళ్ళతో కడిగి వేడిచేసి, మరుగు తగ్గిన జావలో పిండి వేసి, అడుగు నుంచి కలియబెట్టి, నడిమధ్యన వేడి చూసి, దుప్పటి కప్పుతున్నాడు. జావ కరిగాక ఒక పొంగు రానిచ్చి దించడమే.

ఆ సాయంత్రం పాపమ్మాళ్ స్ట్రా వదల్లేదు. గ్లాసు అడుగున గరగర శబ్దం వచ్చేదాకా పీల్చింది. ఎవరు కాచారో శకుంతల చెప్పింది. ముసలామె ఖాళీ గ్లాసు కూతురికి కాకుండా అల్లుడి వైపే చాచింది, ఇంకా పొయ్యమని.

మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళినప్పుడు బరువు పెరిగిందన్నారు. గొట్టం మాట ఇక ఎవరూ ఎత్తలేదు. సెల్లమ్మాళ్‌కు కూడా ప్రహరీ మీదుగా ఒక లోటా అందింది. తాగి, కిక్కే లేదే అని కాస్త నిరాశపడింది.

ఆ రోజు ఆస్పత్రి నుంచి బస్సులో తిరిగి వస్తుంటే శకుంతల మొగుణ్ణి సూటిగా అడిగింది.

"షెడ్డులో అన్నాళ్ళు కాస్తూ నాకెందుకు చెప్పలేదు?"

"మానేస్తా, చేస్తా, చూసుకుంటా అని నీకు శానాసార్లు చెప్తిని కదా," అన్నాడు ధర్మలింగం. "ఇదొకటన్నా చేసినాక చెప్దామనుకొంటిని."