ఎక్కువమంది చెప్పిన పేరు

నువ్వు పసిపిల్లగా ఉన్నప్పటి నుంచి మోస్తున్నానే దీన్ని. మీ అమ్మకి కూడా చెప్పలేదు. ఇవాళ చెప్తాను, టైపు చెయ్యి. మధ్యలో సరిదిద్దకు.

పొద్దున కంప్యూటర్లో చూపించావు కదా, క్రిప్టో డబ్బుల సంగతి. ఆ లెక్క ఒక్కరి దగ్గరే ఉండదట, దాన్ని రాసే మైనర్లనేవాళ్లందరి దగ్గరా ఉంటుందట. సగానికి పైగా బలం ఒకే చేతిలో పడితే, వాళ్లు చాటుగా వేరే లెక్క అల్లుకుని, ఒక్కసారిగా బయటపెట్టి, జరిగినదాన్ని జరగలేదనిపించగలరట. అలాంటి దాడిని ఎంతవరకు తట్టుకోవచ్చో నీ మోడల్ చెబుతుందట. వింటూ టీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ పని నేను చేశాను. గోల్‌మురిలో, మన తెలుగోళ్ల బస్తీలో.

మా బస్తీలో అమ్మవారి పండక్కి ఆడవాళ్లు ఘటాలు ఎత్తేవారు. అందరికంటే ముందు నడిచేది ముందు ఘటం. అది ఎత్తినావిడ, వచ్చే ఏడు దాన్ని ఎవరెత్తాలో అరుగు మీద అందరి ముందూ పేరు చెప్పేది. కాగితం లేదు. విన్నవాళ్ల జ్ఞాపకమే లెక్క. ఆ ఏడు ముందు ఘటం ఎత్తింది ముసలి సూరమ్మ, ఆమే ఒక పేరు చెప్పింది. మళ్లీ పండగ రాకముందే పోయింది.

అప్పటికే మీ నాన్న మీ అమ్మ లలితని వదిలేసి పోయాడు. నువ్వు ఒళ్లో ఉన్నావు. ఏ శుభకార్యంలోనైనా లలితని వెనక నిలబెట్టేవారు, పసుపు ఆఖర్న ఇచ్చేవారు. ముందు ఘటం ఎత్తిన మనిషిని వెనక్కి నెట్టే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే ఇల్లిల్లూ తిరిగాను. ఒకామెకి పురుడు పోశాను, ఒకామె మొగుణ్ణి కూలీల్ని పెట్టే ఠేకేదారు దగ్గర పనిలో పెట్టించాను. ఆ మొహమాటాలన్నీ వాడుకున్నాను. పండగనాడు ఎక్కువమంది ఒకే మాటన్నారు, సూరమ్మ చెప్పింది లలిత పేరని.

మా పక్కింటి అప్పాయమ్మ కొడుకు జబ్బుపడి లేచాడు. వాడు బతికితే ముందు ఘటం ఎత్తుతానని ఆమె మొక్కుకుంది. కుళాయి దగ్గర నన్ను ఆపింది.

"వదినా, ముసల్ది పేరు సెప్పినప్పుడు నువ్వు నా పక్కనే కూకున్నావు కదా."

"నాకు గుర్తు నేదు. మిగతావోళ్లని అడుగు."

"ఏటి అడగమంతావు? ఆళ్లేటి సెప్తారో నీకు ముందే తెల్సు."

అంతే అంది. తర్వాత వాళ్లు బస్తీ వదిలి, ఊరికి ఆ చివరనున్న సోనారి వెళ్లిపోయారు. ఆ మొక్కు అలాగే ఉండిపోయింది.

లాభం కంటే ఖర్చు ఎక్కువైతే ఎవరూ దాడి చెయ్యరని నీ మోడల్లో రాశావు. చేస్తారే. కూతురు వెనక వరసలో నిలబడి ఉంటే లాభమెవరు చూస్తారు? ఖర్చు తర్వాత తెలిసింది. అరుగు మీద చెప్పిన పేరుని ఆ మీదట ఎవరూ నమ్మలేదు, ఏటేటా తగువే. దేనికోసం ఆశపడ్డానో దాని విలువే నా చేతులతో తీసేశాను. అది నాకు తెలియదనుకుంటున్నావా?

మరి మీ అమ్మ? ఆ రోజు తలెత్తి నడిచింది. ఆ తర్వాత ఎప్పుడూ దించలేదు. నాది తప్పే. మళ్లీ ఆ రోజొస్తే మళ్లీ చేస్తాను. ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉంచు, ఒకదాన్ని కొట్టెయ్యకు. నన్ను క్షమించమని ఎవర్నీ అడగను. ఏ మొహంతో అడుగుతాను?

మమ్మీకి చెప్పొద్దని హిందీలో గొణుగుతున్నావు, వినపడుతోంది. చెప్తాను. ముందు ఇది టైపు చెయ్యి. సూరమ్మ చెప్పిన పేరు అప్పాయమ్మ. నా చెవులతో విన్నాను.