పొగ లేని రైలు వచ్చిన రోజు

మొన్న ఆదోనిలో మా చిన్నకోడలు ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎక్కడో పరాయి దేశంలో, మంచు కురుస్తున్న బొగ్గుగని దగ్గర, ఆవిరి ఇంజనొకటి వ్యాగన్లను లాక్కుంటూ పోతోంది. లోకంలో ఇంకా పనిచేస్తున్న ఆఖరి ఆవిరి రైళ్లలో అదొకటట. అవన్నీ ఏనాడో తుక్కయిపోయాయనుకున్నదాన్ని, ఆ నల్లటి పొగ చూడగానే ఫోను కోడలి చేతికిచ్చేశాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎండాకాలం మా ఊరు కోసిగిలో బావులు అడుగంటితే, గూడ్సుబండి ఆగినప్పుడల్లా ఆడవాళ్లు బిందెలతో ఇంజను దగ్గరికి ఉరికేవాళ్లు. డ్రైవరు దయతలిచి వదిలే వేడినీళ్లు బొగ్గువాసన వేసినా బట్టలు ఉతకడానికి పనికొచ్చేవి. మా మేనత్తకు చిన్నప్పుడే జ్వరమొచ్చి వినికిడి పోయింది. అయినా రైలు వచ్చే సంగతి అందరికన్నా ముందు ఆమెకే తెలిసేది, ఎందుకంటే ఆమె కళ్లెప్పుడూ దూరాన లేచే పొగ మీదే ఉండేవి.

ఆ రోజు పొగ లేదు. మేనత్త బిందె చంకన పెట్టుకుని తీరిగ్గా పట్టాలు దాటుతోంది. వెనక వస్తున్న అమ్మకూ నాకూ కూత వినిపించి తల తిప్పితే, మేమెన్నడూ చూడని ఇంజనొకటి మీదికి వచ్చేస్తోంది. అమ్మ కేక వేయలేదు, వేసినా లాభం లేదని తెలుసు గనక. తన బిందె పారేసి ఉరికి, మేనత్త కొంగూ జుట్టూ కలిపి పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ కంకర మీద పడ్డారు. మేనత్త బిందె చక్రాల కింద రేకైపోయింది.

బండి కొంత దూరం పోయి ఆగింది. డ్రైవరు దిగివచ్చాడు.

"ఏమక్కా, కూత ఇనపడలేదా?"

"ఆమెకు చెవులు ఇనపడవప్పా," అంది అమ్మ.

మేనత్త అతని ముఖం చూడలేదు, ఇంజను నెత్తికేసి చూస్తోంది. "పొగ యాడుంది? పొగ లేకుండా రైలెట్ల వచ్చినాది?" అని అరిచింది.

ఈలోగా మిగతా ఆడవాళ్లు వచ్చి చేరారు. "రోంత నీళ్లు వదులన్నా," అని ఒకామె బిందె చాపింది. అతను తల దించుకుని, "ఇది డీజిలు బండమ్మా, దీంట్ల మీకిచ్చే నీళ్లుండవు. ఇంక అన్నీ ఇవే వస్తాయి," అన్నాడు. చాపిన బిందె చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఆ తరువాత మేనత్త బతికినన్నాళ్లూ అమ్మ చెయ్యి పట్టుకోకుండా పట్టాలు దాటలేదు. ఇప్పుడు కోసిగిలో కుళాయిలు వచ్చాయి, రైళ్లు కరెంటుతో నడుస్తున్నాయి, మంచిదే. కానీ రాబోయేదేమిటో మావంటివాళ్లకు ముందుగా ఒక మాట చెప్పాలని ఆనాడు ఎవరికీ తోచలేదు. ఈనాడూ తోస్తున్నట్టు లేదు.