నాన్న మాట కోసం లినక్స్

పక్షవాతం మా నాన్న నాలుకనూ కుడిచేతినీ ఒకేసారి పట్టుకుపోయింది. బుద్ధి మాత్రం ఎప్పటిలాగే చురుకు. యాంగోన్ నగరంలోని సేక్కాన్ రేవులో కేకలేసి పని చేయించిన మనిషికి ఇంట్లో మంచినీళ్ళు అడగడానికి కూడా మాట లేకుండా పోయింది. ఎడమచేత్తో పెన్ను పట్టుకుంటే అక్షరాలు కుదరవు. ఫోన్ మీటలు మరీ చిన్నవి. పాత కంప్యూటర్ కీబోర్డు మీద మాత్రం ఒక్కో మీటా వెతికి నొక్కి మాతో మాట్లాడేవాడు. తెలుగు మాటలే, కానీ బర్మా లిపిలో. యాంగోన్‌లో మా తెలుగు ఇళ్ళలో చాలామంది రాత అదే.

ఒకరోజు ఆ కంప్యూటర్ కూడా మొరాయించింది. సంచౌంగ్‌లోని రిపేరు షాపతను వైరస్ అన్నాడు, కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ది ఎప్పటిలాగే దొంగ కాపీ మళ్ళీ ఎక్కిస్తానన్నాడు. ఎక్కించిన ప్రతిసారీ కొన్నాళ్ళకి అదే గతి. ఒళ్ళు మండింది. దాని బదులు ఉచితంగా దొరికే, ఎవరికీ దొంగతనం అంటని లినక్స్ నేనే వేసుకుంటానని, కంప్యూటర్‌ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తాకేటాలో మా ఇంటికి తెచ్చేశాను.

తెచ్చాను సరే, ఏ లినక్స్? లెక్కలేనన్ని రకాలున్నాయి. ఇంటర్నెట్‌లో వాటి గురించి కొట్టుకునేవాళ్ళు పెళ్ళి భోజనాల్లో వంకలు పెట్టే బంధువుల్లాంటివాళ్ళు. ప్రతిదాన్నీ ‘కొత్తవాళ్ళకి సులువు’ అంటారు. ఏ కొత్తవాళ్ళకి? రెండు చేతులూ బాగున్నవాళ్ళకేగా! మా ఇంటి కొత్తవాడు ఒంటిచేత్తో పని చేసుకోవాలి. షిఫ్ట్ మీట నొక్కి వదిలేసినా పట్టుకున్నట్టే ఉండాలి. మెనూ అలవాటైన ఎడమ మూలనే కనపడాలి. బర్మా కీబోర్డు లేకపోతే అసలు దండగే.

కరెంటు ఉన్న పూటల్లో పక్కింటివాళ్ళ కంప్యూటర్‌లో ఒక్కోదాన్నీ దింపుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే మా దానిమీద నడిపి చూశాను. ఒకటి చూడ్డానికి అందంగా ఉంది, నడక మాత్రం నత్తనడక. ఇంకోదాంట్లో మెనూ ఎక్కడ దాక్కుందో నాకే దొరకలేదు. చివరికి ఒకటి కుదిరింది.

ఇన్‌స్టాల్ మొదలవగానే ఏ భాష కావాలని అడిగింది. వరసలో ‘తెలుగు’ అని మన అక్షరాల్లోనే ఉంది. ఈ ఊళ్ళో ఏ బ్యాంకు మెషీనూ నన్ను తెలుగు కావాలా అని అడగలేదు. సంతోషం పట్టలేక అదే నొక్కేశాను.

తెరంతా తెలుగు. గుడిలో ఆదివారం తెలుగు తరగతులకు వెళ్ళిన పుణ్యాన నేను కూడబలుక్కుని చదవగలను.

“ఏటే ఇది, మన అచ్చరాలేనా? బాగుందే. మీ నాయిన సదవగల్డా?” అంది అమ్మ.

నాన్నకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. కాసేపు తెర వైపు చూసి, ఎడమచేత్తో బల్ల మీద గట్టిగా చరిచాడు. భాష మీద మురిపెం నాది. ఆయనకి కావలసింది మాట.

అన్నీ బర్మా భాషలోకి మార్చి, నాన్నని మళ్ళీ కూర్చోబెట్టాను.

“కంగారు పడకు నాయినా, నిదానంగా కొట్టు” అన్నాను.

అమ్మా నేనూ వెనక నిలబడ్డాం. ఇన్నాళ్ళూ నోరు కట్టేసినట్టున్న మనిషి, చావు గురించి రాస్తాడేమోనని నాకు భయమేసింది. ఆయన ఆపాక, తెర మీద ఉన్నది అమ్మకి పైకి చదివాను.

“టీలో పంచదార మరీ ఎక్కువేస్తంది మీ యమ్మ. తాగలేకపోతన్నాను.”

కంప్యూటర్ ఆగినప్పటినుంచీ ఆయన టీ కప్పు పక్కకి నెట్టేస్తూనే ఉన్నాడు. తీపి చాలలేదనుకుని అమ్మ రోజూ ఇంకాస్త వేస్తూ వచ్చింది.

“అయ్యో, నాకేటి తెలుసు!” అని నవ్వబోయి అమ్మ ఏడ్చేసింది. నాన్న మా వైపు తిరగలేదు. చెప్పాల్సినవి ఇంకా ఉన్నట్టున్నాయి, తర్వాతి మీట వెతుక్కుంటున్నాడు.