వంటింటి తలుపు, నా షిఫ్టు ప్రోగ్రాం

ఇంజినీరింగ్ పూర్తయి, ఉద్యోగం రాక, గోదావరిఖని క్వార్టర్లో కూర్చుని నేను రాసిన మొదటి పెద్ద ప్రోగ్రాం మా నాన్న షిఫ్టు చెప్పేది. బొగ్గుబాయిలో వారానికో షిఫ్టు మారుతుంది. తేదీ కొడితే మొదటిదా, రెండోదా, రాత్రిదా తెర మీద ఎర్రగా వచ్చేది. ఇంత చిన్న పనికి మూడంతస్తుల నిర్మాణం కట్టాను. లెక్క ఒకచోట, సమాచారం ఒకచోట, తెర ఇంకోచోట. రేపు చంద్రుడి మీద బాయి తవ్వినా ఒక్క అంతస్తు మారిస్తే చాలని గొప్పలు పోయేవాణ్ణి. చంద్రుడి దాకా ఆలోచించినవాడికి సమ్మె తట్టలేదు.

అమ్మ పద్ధతి వేరు. నాన్న డ్యూటీకి వెళ్లగానే వంటింటి తలుపు వెనక సుద్దతో ఒక గీత. నాగా పెడితే అడ్డగీత. ఆరు గీతలైతే తడిగుడ్డతో తుడిచేసేది, షిఫ్టు మారినట్టు.

"ఇంకా గీతలేందమ్మా, కంప్యూటర్ ఉండంగ?" అంటే, "నా తలుపుకు కరెంటు అక్కర లేదు బిడ్డా" అనేది.

నాన్నకు మాత్రం నా ప్రోగ్రామంటే గర్వం. తనతో బాయి దిగే నలుగురికీ అది తప్పు చెప్పదని తనే పూచీ పడ్డాడు. ఉద్యోగం లేని నాకు ఆ పూచీయే జీతం.

తెలంగాణ కోసం సమ్మె మొదలై, వారాల తరబడి బాయి ఆగిపోయింది. విరమించారని ఒక సాయంత్రం టీవీలో చెప్పగానే, రేపు ఏ షిఫ్టు అని మా గల్లీలో వాదన లేచింది. "లొల్లెందుకే? మా పోరడు చేసిన కంప్యూటర్‌నడుగుదాం" అన్నాడు నాన్న. అది రెండో షిఫ్టంది. అందరూ నిశ్చింతగా పడుకున్నారు.

తెల్లవారుజామున అమ్మ నాన్నను తట్టి లేపింది. "లే, మొదటి షిఫ్టు."

"కంప్యూటర్ రెండోదన్నది గద?"

"బాయి బందుంటే కంప్యూటర్ గూడ బందున్నదా? సమ్మెకు ముందు మొదటి షిఫ్టువి తలుపు మీద నాలుగే గీతలున్నయ్. ఇంక రెండు దినాలు మొదటి షిఫ్టే."

నా ప్రోగ్రాం క్యాలెండర్‌ను నమ్ముకుని సమ్మెలో కూడా షిఫ్టులు మారుస్తూ పోయింది. అమ్మ జరిగింది మాత్రమే గీసింది. తర్వాత నేను ఉద్యోగంలో చేరాక, జరిగిందే రాసుకోవాలన్న ఈ సూత్రాన్నే పెద్ద జీతాలవాళ్లు రోజంతా బొమ్మలు వేసి బోధిస్తుంటే, నాకు ఆ తలుపే కనబడేది.

నాన్న ముఖం వాడిపోయింది. "నా మాట మీద పండుకున్నరు వాళ్లు. జల్ది పో!"

సైకిలెక్కి ఆ నలుగురిలో మొదటి కాక ఇంటి తలుపు కొట్టాను. కాక కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "రెండో షిఫ్టంటివి గదరా?"

"అది కంప్యూటర్ చెప్పింది కాకా."

"గిప్పుడెవలు చెప్పిన్రు?"

"మా అమ్మ."

"గట్ల చెప్పు మరి!" అంటూ బూట్ల కోసం లోపలికి ఉరికాడు. మిగతా మూడిళ్లలో కంప్యూటర్ ఊసే ఎత్తలేదు.

అందరూ వేళకే చేరారు. వారం కూర్చుని మూడంతస్తులూ కూల్చి, 'డ్యూటీకి పోయిండు' అని తెర మీద ఒక్క బటన్ పెట్టాను. రోజుకోసారి నొక్కితే చాలు, సమ్మెలొచ్చినా లెక్క తప్పదు. అమ్మ దాన్ని ముట్టుకోలేదు.

కొన్నాళ్లకు అమ్మ గోలేటిలో పిన్ని ఇంటికి వెళ్తూ, "బటన్ నీ ఇష్టం. గీత మాత్రం మర్వకు" అంది.

మర్నాడు నాన్న టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దాకా వెళ్లి ఆగాడు. "ఏందిరా, నొక్కినవా?" అంటాడేమోనని ఆశగా చూశాను.

"గీత గీసినవా?" అన్నాడు.

సుద్దముక్క అప్పటికే నా చేతిలో ఉంది.