బాదం చెట్టుకు కట్టిన పట్టుచీర

ఆ రోజుల్లో కొత్త కోడలికి అత్తగారింట్లో సొంతమని చెప్పుకోవడానికి తన ట్రంకుపెట్టె తప్ప ఏముండేది? నా కన్ను మాత్రం అదనంగా ఓ బాదం చెట్టు నీడ మీద పడింది. మెట్టుగూడలో మా అత్తగారిల్లు చిన్నదే గానీ, వాకిట్లో ఆ చెట్టు గొడుగు పట్టినట్టు ఉండేది. దాని కింద గడ్డి కూడా మొలిచేది కాదు. అక్కడ షాబాద్ బండలు పరిపించి మా ఆయన స్కూటరు నిలపాలని అత్తయ్య ఆలోచన. నేనేమో కొబ్బరితోటల్లో పుట్టిపెరిగినదాన్ని, కాలికి మట్టి తగలకపోతే అన్నం సహించదు. "బండలొద్దు అత్తయ్యా, మొక్కలు పెంచుతాను" అన్నాను, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం. ఆవిడ చింతపండు పిసుకుతూ, తలెత్తకుండానే, "ఉగాది దాకా చూస్తాను. అప్పటికి పచ్చగా ఉంటే నీ తోట, లేకపోతే నా బండలు" అని తీర్పు చెప్పేసింది.

మొదట గులాబీలూ బంతీ పెట్టాను (నాకు పువ్వంటే అవే). గులాబీలు ఎండ కోసం పక్కింటి వైపు మెడలు చాచాయి, బంతి ఒక్క మొగ్గ వేయకుండానే మంచం పట్టింది. అప్పుడు బుర్ర పనిచేసింది. మా ఊళ్లో కొబ్బరిచెట్ల నీడన ఏం పెరుగుతాయి? తమలపాకు తీగ, చేమ, కనకాంబరం. వాన్లు పడగానే మా ఆయన్ని బతిమాలి, స్కూటరెక్కి అల్వాల్ దాకా వెళ్లి, నర్సరీలో ఒక్కో మొక్కనూ పెళ్లిచూపుల్లో పిల్లని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "నీడలో సర్దుకుంటుందా?" అని అడిగి మరీ తెచ్చాను. దసరా తిరిగేసరికి చెట్టు కింద పచ్చటి తివాచీ! పక్కింటి మైకు వదిన (ఆవిడ గుసగుసలాడితే రైల్వే స్టేషన్లో వినబడేది) గోడ మీంచి తొంగిచూసి, "ఏందే పిల్లా, ఇంటిని అడివి చేసినవ్ గదా!" అంది. దాన్ని నేను మెచ్చుకోలు కిందే జమ వేసుకున్నాను.

చలి తగ్గుతుండగా బాదం ఆకులు ఎర్రబడ్డాయి. ఎంత అందమో అని మురిసిపోయాను కూడా. ఆ తర్వాత అవి రాలాయి. ఒకటీ రెండూ కాదు, అన్నీ. కొబ్బరిచెట్టు ఎప్పుడైనా ఓ మట్ట రాలుస్తుంది గానీ గుండు చేయించుకోదు కదా! బాదం చెట్టు నేనెరగనిది కాదు, దాని నీడను నమ్ముకుని సంసారం పెట్టడమే కొత్త. ఎండ నేరుగా దిగింది. మధ్యాహ్నానికి చేమాకులు తడిగుడ్డల్లా వేలాడిపోయాయి. "ఉగాది దాకా ఎందుకు, రేపే మేస్త్రీకి కబురు పెడతాను" అంటూ అత్తయ్య సంచీ తీసుకుని బజారుకెళ్లింది.

ఆవిడ మలుపు తిరగ్గానే నా చీరలన్నీ బయటికొచ్చాయి. కొమ్మకూ గోడకూ కట్టేశాను. చాలలేదు. దుప్పట్లు, మా ఆయన పంచెలు, చివరికి అత్తయ్య పసుపుపచ్చ పట్టుచీర. చూడముచ్చటగా ఉంది. అదే కొంప ముంచింది.

"ఏం ఫంక్షనే పిల్లా? షామియానా సుత ఏసిన్రు, మాకొక మాట చెప్పొద్దా?" మైకు వదిన గొంతు వీధి చివరిదాకా వెళ్లొచ్చింది. చూస్తుండగానే ఆడవాళ్లంతా జడలు సవరించుకుంటూ వాకిట్లోకి వచ్చేశారు. "ఫంక్షన్ లేదు వదినా, మొక్కలకు ఎండ తగులుతోందని..." అన్నాను.

"మొక్కలకా? పట్టుచీరనా? మాకే కథలు చెప్తున్నవా! నెల తప్పినవా ఏంది?" అని నా బుగ్గ గిల్లింది.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. అత్తయ్య కొమ్మ మీది చీరను చూసింది, నన్ను చూసింది, వచ్చినవాళ్లను చూసింది. కోడలు చేమాకులకు పట్టుచీర కట్టిందంటే వీధిలో పరువేం కావాలి? "ఊరికే పేరంటం పెట్టుకున్నామమ్మా, కూర్చోండి, కూర్చోండి" అని నవ్వి, నా చెవి దగ్గరికొచ్చి, "లోపలికి నడువు, ఉప్మాకు ఉల్లిపాయలు తరుగు. నీ సంగతి తర్వాత చెబుతా" అంది.

ఉప్మా పళ్లేలతో బయటికొచ్చేసరికి వాళ్లు నా తోట మీద చాపలు పరుచుకుని కూర్చున్నారు. "వదినా, కాస్త జరగండి, కింద కనకాంబరం..."

"ఉండనియ్యే, మెత్తగ మస్తుంది!"

దీపాలవేళ దాకా పాటలూ పకపకలూ. వెళ్తూ వెళ్తూ మైకు వదిన, "ఇసొంటి సల్లటి జాగ మా ఇండ్లల్ల యాడున్నది పెద్దమ్మా? వచ్చే శుక్రవారం సుత ఈడనే కూసుందాం" అంది. వీధి వీధంతా తన వాకిట్లో కూర్చోవడం అత్తయ్యకు అదే మొదలు. ఆ రాత్రి మా ఆయనతో, "బండలెందుకురా, ఎండకు కాలుతాయి. పాపం ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?" అంది.

అలా నేల దక్కింది, మొక్కలు పోయాయి. ఎండకు ఓర్చేవీ నీడకు ఓర్చేవీ దొరుకుతాయి గానీ, మైకు వదినకు ఓర్చే మొక్క ఏ నర్సరీలోనూ లేదు.

మర్నాడు చీరలు విప్పుతూ తలెత్తి చూస్తే, కొమ్మల చివర్లలో లేత చిగుళ్లు! ఇంకాస్త ఓపిక పడితే నీడ దానంతటదే వచ్చేది. ఆ వయసులో ఓపిక ఎక్కడిది? చెట్టు ఆకు దులిపితే లోకమే మోడైందనుకుని పరుగులు పెట్టిన ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పుడు తిట్టబుద్ధి కాదు. కాసేపు పక్కన కూర్చుని, ఆ పట్టుచీర రెండో కొస పట్టుకుని, మడత పెట్టడంలో సాయం చేయాలనిపిస్తుంది.